పేరు అదే, షూ వేరు: నచ్చిన రన్నింగ్ షూకి సాటి జత ఎందుకు దొరకదు?

డబ్బా మీద పేరు అదే. పక్కనున్న అంకె మాత్రం రెండు పెరిగింది. సైజు అదే, కంపెనీ అదే, రంగు కూడా దాదాపు అదే. తొడుక్కుని, లేసులు బిగించి, పది అడుగులు పరుగెత్తేసరికి పాదానికి తెలిసిపోతుంది, ఇది ఆ షూ కాదని. మడమ కింద ఏదో ఎత్తుగా ఉంటుంది. చిటికెనవేలికి అంచు తగులుతూ ఉంటుంది. అడుగు పడి లేచే తీరే మారిపోయి ఉంటుంది.

ఏళ్ల తరబడి ఒకే రకం షూలో పరుగెత్తేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది. మోడల్‌ని పూర్తిగా ఆపేస్తారు, లేదంటే పేరు ఉంచి లోపలంతా మార్చేస్తారు. అప్పుడు వెతుకులాట మొదలవుతుంది. "దానిలాంటిదే ఇంకోటి" అని అడుగుతాం. కానీ ఆ షూలో ఏం బాగుండేదో చెప్పమంటే మాత్రం మాట తడబడుతుంది. వదులుగా ఉన్న ముందు భాగమా, మడమని పట్టుకున్న తీరా, మెత్తదనమా? ఇవన్నీ వేర్వేరు సంగతులు. వీటిని విడదీసుకుంటే తప్ప వెతకాల్సింది ఏమిటో తేలదు.

ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు

నైకీ పెగాసస్ మొదటిసారి 1983లో వచ్చింది. ఇప్పటికి నలభైకి పైగా రూపాలు మారింది. ఆసిక్స్ జెల్-కయానో 1993 నుంచి ఉంది. ఇన్నేళ్లు నిలిచిన పేరు చూస్తే లోపలున్నదీ నిలిచే ఉంటుందని నమ్మబుద్ధవుతుంది. నిజానికి ఆ పేరు ఇంటిపేరులాంటిది. తండ్రికీ మనవడికీ ఇంటిపేరు ఒకటే అయినా, తాత చొక్కా మనవడికి సరిపోవాలని లేదు.

2023లో వచ్చిన కయానో 30నే చూడండి. పాదం లోపలి వైపుకి మరీ వాలకుండా ఆపడానికి ఆ వరుస షూలలో లోపలి అంచున గట్టి భాగం పెట్టడం ఏళ్లుగా వస్తున్న పద్ధతి. 30వ రూపంలో దాన్ని తీసేసి, అడుగుభాగాన్ని వెడల్పు చేసి, లోపలి అంచున మెత్తటి ఫోమ్ ముక్క పెట్టారు. అదే ఏడాది అదే కంపెనీ జెల్-నింబస్ 25 కూడా మునుపటికంటే బాగా ఎత్తుగా, మెత్తగా వచ్చింది. అంతకు ముందే బ్రూక్స్ కంపెనీ అడ్రినలిన్ షూ 19వ రూపంలో లోపలి గట్టి ముక్క పోయి, మడమకి రెండు పక్కలా గట్టుల్లాంటి ఏర్పాటు వచ్చింది. వీటిలో కొన్ని మార్పులు చాలామందికి నచ్చాయి. కాకపోతే ఆ గట్టి ముక్క కోసమే ఆ షూ కొనుక్కుంటున్న మనిషికి, పేరు మిగిలి షూ పోయింది.

మరి ఎందుకు మారుస్తారు? ఏడాదికో ఏడాదిన్నరకో కొత్త రూపం తేవడం ఈ వ్యాపారపు ఆనవాయితీ. పాత సరుకు ఖాళీ కావాలి, కొత్తదాని గురించి జనం మాట్లాడుకోవాలి. ఈ సగం కథే చెప్పి ఊరుకుంటే మాత్రం అన్యాయం అవుతుంది. గత పది పన్నెండేళ్లలో ఫోమ్ నిజంగానే మారింది. 2013లో ఆడిడాస్ బూస్ట్ అనే ఫోమ్ వచ్చింది. 2017లో నైకీ వేపర్‌ఫ్లై 4% అనే పోటీ షూ వచ్చాక కంపెనీల మధ్య పోటీ మొత్తం కొత్త ఫోమ్‌ల చుట్టూ తిరగడం మొదలైంది. తేలిక ఫోమ్ దొరికితే బరువు పెంచకుండానే అడుగుభాగాన్ని ఎత్తుగా కట్టొచ్చు. ఆ ఎత్తులు ఎంత దూరం వెళ్లాయంటే, రోడ్డు పోటీల్లో షూ అడుగుభాగం 40 మిల్లీమీటర్లు దాటకూడదని అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య అయిన వరల్డ్ అథ్లెటిక్స్ 2020లో నియమం పెట్టాల్సి వచ్చింది. పోటీ షూలలో మొదలైన ఆ ఒరవడి రోజువారీ షూలకీ పాకింది. పదేళ్ల కిందటి పలచటి షూ ఇష్టపడేవాళ్లకి ఇవాళ సాటి జత దొరక్కపోవడానికి ఇదొక పెద్ద కారణం.

షూని నాలుగు భాగాలుగా చూస్తే

పాదాన్ని పైనుంచి కప్పే గుడ్డ భాగం అప్పర్. నేలకి తగిలే రబ్బరు అవుట్‌సోల్. ఈ రెండింటి మధ్య ఉండే మందపాటి ఫోమ్ మిడ్‌సోల్. నాలుగోది షూలో ఎక్కడా కనిపించదు. అదే లాస్ట్, అంటే షూని ఏ అచ్చు చుట్టూ కుట్టి అతికించారో ఆ పాదం ఆకారపు దిమ్మ. వేళ్ల దగ్గర ఎంత చోటు, మడమ ఎంత సన్నం, పాదం పైభాగం ఎంత ఎత్తు అన్నవి చాలావరకు నిర్ణయించేది ఈ అచ్చే.

షూని అమ్మేటప్పుడు అందరూ మాట్లాడేది మిడ్‌సోల్ గురించి. షూ కరిచినప్పుడు మాత్రం తప్పు చాలాసార్లు అచ్చుదో అప్పర్‌దో అయి ఉంటుంది. కొత్త రూపంలో ఫోమ్ అదే ఉంచి అప్పర్ గుడ్డ మాత్రం మార్చినా, సాగే జాలీ గుడ్డ స్థానంలో సాగని నేత వస్తే, బొటనవేలి మొదట్లో ఎముక ఉబ్బెత్తుగా ఉన్నవాళ్లకి అది పూర్తిగా వేరే షూ.

డ్రాప్: చిన్న అంకె, పెద్ద తేడా

స్టాక్ హైట్ అంటే పాదానికీ నేలకీ మధ్య ఉన్న మందం. మడమ దగ్గర మందంలోంచి ముందరి పాదం దగ్గర మందాన్ని తీసేస్తే వచ్చేది డ్రాప్. మడమ దగ్గర 34, ముందర 24 మిల్లీమీటర్లుంటే డ్రాప్ 10. మడమ 40, ముందర 30 ఉన్నా డ్రాప్ 10 అవుతుంది. డ్రాప్ కలిసింది కదా అని షూలు కలిసినట్టు కాదని ఇక్కడే తెలిసిపోతుంది.

ఆ అంకె పాదానికి ఎలా అర్థమవుతుందో లెక్క కట్టి చూద్దాం. వరల్డ్ అథ్లెటిక్స్ మందం కొలిచేటప్పుడు షూ లోపలి పొడవులో మడమ వైపు నుంచి 12 శాతం దగ్గర ఒక బిందువు, 75 శాతం దగ్గర ఇంకో బిందువు తీసుకుంటుంది. లోపలి పొడవు 270 మిల్లీమీటర్లు అనుకుంటే ఆ రెండింటి మధ్య దూరం 170. డ్రాప్ 10 అయితే పాదం సుమారు 3.4 డిగ్రీలు ముందుకి వాలి ఉంటుంది. డ్రాప్ 4 అయితే 1.3 డిగ్రీలు. తేడా రెండు డిగ్రీలే. కానీ మామూలు వేగంతో కిలోమీటరుకి దాదాపు వెయ్యి అడుగులు పడతాయి. పది కిలోమీటర్లు పరుగెత్తితే ఒక్కో కాలు ఐదువేలసార్లు ఆ రెండు డిగ్రీల తేడాని మోస్తుంది. డ్రాప్ తగ్గితే పిక్క కండరాల మీదా, మడమ వెనకున్న ఆకిలిస్ స్నాయువు మీదా భారం పెరుగుతుంది. డ్రాప్ ఎక్కువైతే మోకాలి వైపు భారం జరుగుతుంది. కొత్త షూ వేసుకున్న వారానికి పిక్కలు పట్టేశాయంటే కారణం తరచుగా ఈ లెక్కలోనే ఉంటుంది.

అయితే తక్కువ డ్రాప్ మంచిదా, ఎక్కువ డ్రాప్ మంచిదా? లక్సెంబర్గ్ పరిశోధకులు 553 మంది రన్నర్లకి 10, 6, 0 డ్రాప్ ఉన్న షూలు పంచి ఆరు నెలలు గమనించారు. మొత్తం మీద గాయాల్లో తేడా కనిపించలేదు. విడదీసి చూస్తే, అప్పుడప్పుడూ పరుగెత్తేవాళ్లకి తక్కువ డ్రాప్‌లో గాయాల ముప్పు తగ్గింది, క్రమం తప్పకుండా పరుగెత్తేవాళ్లకి పెరిగింది. ఇన్నాళ్లూ కాలు దేనికి అలవాటుపడిందన్నదే ఇక్కడ తేడా తెచ్చి ఉంటుందని నాకనిపిస్తుంది. పాత షూకి సాటి వెతికేవాళ్లకి డ్రాప్ ముఖ్యమయ్యేది కూడా ఆ అలవాటు వల్లే.

ఒక చిక్కుంది. కంపెనీలు చెప్పే అంకెలన్నీ ఒకే పద్ధతిలో కొలిచినవి కావు. కొందరు లోపల పాదం కింద పరిచే ఇన్‌సోల్ పొర మందాన్ని కలిపి చెబుతారు, కొందరు కలపరు. ఎక్కడ కొలిచారన్నదీ మారుతుంది. అందుకే ఒకరి 8, ఇంకొకరి 8 పక్కపక్కన పెడితే సమానం కాకపోవచ్చు. ఒకే చేతులు, ఒకే పద్ధతిలో కొలిచిన అంకెల మధ్య పోలికే నిలుస్తుంది.

"మెత్తగా ఉంది" అనే మాట ఎందుకు సరిపోదు

1970ల నుంచి రన్నింగ్ షూల మిడ్‌సోల్‌కి ప్రధాన ముడిసరుకు ఈవీఏ అనే ఫోమ్. తేలికైనది, చౌకైనది, ఎలా కావాలంటే అలా మలచుకోవచ్చు. చలికి గట్టిపడుతుంది, వాడేకొద్దీ అణిగిపోతుంది. తర్వాత టీపీయూ అనే ప్లాస్టిక్ గింజలని ఉబ్బించి అతికించిన ఫోమ్ వచ్చింది. బూస్ట్ ఆ రకందే. అది బరువెక్కువ, మన్నికా ఎక్కువే, చలికి అంతగా బిగుసుకుపోదు. వేపర్‌ఫ్లైలో వాడింది పీబా అనే ఇంకో ప్లాస్టిక్‌తో చేసిన ఫోమ్. చాలా తేలిక, నొక్కితే తీసుకున్న శక్తిలో ఎక్కువ భాగాన్ని తిరిగి ఇస్తుంది.

పాదానికి తెలిసేది ఒక్క మెత్తదనమే అయినా అందులో కనీసం రెండు గుణాలు కలిసి ఉన్నాయి. ఎంత లోతుకి దిగుతోంది అన్నది ఒకటి, ఎంత త్వరగా తిరిగి లేస్తోంది అన్నది రెండోది. దూదిపరుపు మెత్తగా ఉంటుంది, రబ్బరు బంతీ నొక్కితే నొక్కుకుంటుంది, కానీ ఆ రెండింటి మీదా గెంతితే ఒకటే అనిపించదు. "మీ పాత షూ కంటే మెత్తగా ఉంటుంది" అని ఎవరైనా చెప్పినప్పుడు, దిగడం గురించి చెబుతున్నారో లేవడం గురించి చెబుతున్నారో తెలియకపోతే ఆ మాటతో పని జరగదు. అణిగి ఆగే షూకి అలవాటుపడిన వ్యక్తి ఎగిరేసే షూ ఎక్కితే, బాగున్నా సరే, కాలు ఎక్కడ పడుతుందో తెలియనట్టు ఉంటుంది.

బరువు గురించి ఎక్కువ బెంగ పడనక్కర్లేదు. ఒక్కో షూకి 100 గ్రాములు పెరిగితే పరుగుకి ఖర్చయ్యే శక్తి సుమారు ఒక శాతం పెరుగుతుందని ప్రయోగాలు చెబుతున్నాయి. ఆ లెక్కన కొత్త జత ఒక్కో షూకి 30 గ్రాములు ఎక్కువ తూగినా శాతంలో మూడో వంతే.

సైజు అంకె చెప్పేదీ, చెప్పనిదీ

అమెరికా, బ్రిటన్ సైజుల్లో ఒక నంబరుకీ తర్వాతి నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. అర నంబరు అంటే 4.2. యూరప్ సైజుల్లో ఒక నంబరు సెంటీమీటరులో మూడింట రెండొంతులు, అంటే 6.7 మిల్లీమీటర్లు. కొలబద్దలే వేరు కాబట్టి ఒకదాన్ని ఇంకొకదానిలోకి మార్చినప్పుడు అంచులు సరిగ్గా అతకవు.

పురుషుల అమెరికా 9 తీసుకోండి. నైకీ దీన్ని బ్రిటన్ 8 అని రాస్తుంది, ఆడిడాస్ 8½ అని రాస్తుంది. యూరప్ సైజుగా ఒకరిది 42½, ఇంకొకరిది 42⅔. బ్రిటన్ సైజుని గుర్తుపెట్టుకుని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారిన మనిషి, తెలియకుండానే అర నంబరు కిందకో పైకో జారిపోతాడు. ఆ నాలుగు మిల్లీమీటర్లు చాలు, దిగుడులో పరుగెత్తేటప్పుడు బొటనవేలి గోరు ముందరి గోడకి కొట్టుకుని నల్లబడడానికి.

ఇక వెడల్పు. పురుషుల షూలలో మామూలు వెడల్పు డీ, వెడల్పాటిది 2ఈ, ఇంకా వెడల్పు 4ఈ. స్త్రీలలో మామూలు వెడల్పు బీ, వెడల్పాటిది డీ. పాత షూలో పాదం హాయిగా ఉందని చెప్పేవాళ్లలో కొందరికి తాము వాడిందే వెడల్పు రకమని తెలియదు. షూ నాలుక లోపలి చీటీ మీద ఆ అక్షరం చిన్నగా రాసి ఉంటుంది.

మనం పోలుస్తున్నది ఏ షూతో?

ఈ విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన సంగతి ఇది. నా పాత జత ఒకటి ఇది రాస్తున్న బల్ల మీదే ఉంది. కుడి షూ మడమ బయటి అంచున రబ్బరు పూర్తిగా అరిగి, కింది తెల్ల ఫోమ్ బయటపడింది. ఎడమదానికి అంత అరుగుదల లేదు. మిడ్‌సోల్ పక్కగోడ మీద అడ్డంగా ముడతలు, ముసలి చేతి చర్మంలా. ఇన్‌సోల్ తీసి చూస్తే ఐదు వేళ్ల గుంటలూ స్పష్టంగా పడి ఉన్నాయి, బొటనవేలిదే అన్నిటికంటే లోతు. బల్ల మీద పెట్టి వెనకనుంచి చూస్తే కుడి షూ కొంచెం బయటికి ఒరిగి నిలబడుతుంది.

నాకు ఇష్టమైన షూ అని నేను మనసులో పెట్టుకున్నది దీన్ని. డబ్బాలోంచి తీసిన రోజు ఇది ఇలా లేదు. అప్పుడు మిడ్‌సోల్ ఇంకా మందంగా, బిగువుగా ఉండి ఉంటుంది. మడమ కప్పు గట్టిగా ఉండి ఉంటుంది. వందల కిలోమీటర్లలో నా పాదం దీన్ని తనకి కావాల్సినట్టు మలుచుకుంది. ఆ మలిచిన షూ పక్కన కొత్త షూని పెట్టి "ఎత్తుగా ఉంది, గట్టిగా ఉంది" అంటే, పోలికలో కొంత భాగం కొత్తదనం గురించి, కొంత భాగమే మోడల్ గురించి. అచ్చంగా అదే మోడల్ కొత్త జత తెచ్చి తొడిగినా మొదటి రోజు కొంత పరాయిగానే ఉంటుంది.

దీనికి రెండో వైపూ ఉంది. మామూలుగా ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుందంటారు. అది ఉజ్జాయింపు మాత్రమే. మనిషి బరువు, పరుగెత్తే తీరు, నేల, ఫోమ్ రకాన్ని బట్టి అటూఇటూ అవుతుంది. పూర్తిగా అణిగిపోయిన షూ కూడా రోజూ వాడేవాళ్లకి మామూలుగానే అనిపిస్తుంది, ఎందుకంటే ఆ మార్పు రోజుకి రవ్వంత చొప్పున వచ్చింది.

పాదం లోపలికి వాలితే ప్రత్యేక షూ కావాలా?

అడుగు పడ్డాక పాదం కొద్దిగా లోపలి వైపు ఒరగడాన్ని ప్రొనేషన్ అంటారు. అది సహజమైన కదలిక. మరీ ఎక్కువగా ఒరిగేవాళ్లకి గాయాలవుతాయనీ, లోపలి అంచున ఆసరా ఉన్న షూ వాళ్లకి తప్పనిసరనీ దశాబ్దాల పాటు చెప్పారు. తడి పాదం ముద్ర చూసి షూ రకం చెప్పే పద్ధతి అలా వచ్చిందే.

తర్వాత దాన్ని పరీక్షకి పెట్టారు. అమెరికా సైనిక దళాల్లో శిక్షణలో ఉన్నవాళ్లకి అరికాలి ఆకారాన్ని బట్టి షూలు ఇచ్చి చూస్తే గాయాలు తగ్గలేదు. డెన్మార్క్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టిన 927 మందికి పాదం ఎలా ఉన్నా ఒకే రకం మామూలు షూ ఇచ్చి ఏడాది చూశారు. లోపలికి ఒరిగే పాదాలవాళ్లకి ఎక్కువ గాయాలు కాలేదు. ఇక్కడితో వాదం ముగిసిందనుకుంటే పొరపాటు. లక్సెంబర్గ్‌లో 372 మందితో జరిగిన ఇంకో పరిశీలనలో ఆసరా షూ వేసుకున్నవాళ్లకి గాయాలు తగ్గాయి, ఆ మేలు ముఖ్యంగా లోపలికి ఒరిగే పాదాలవాళ్లలో కనిపించింది.

శరీర కదలికలని పరిశీలించే బయోమెకానిక్స్ శాస్త్రవేత్త బెనో నిగ్, ఆయన సహచరులు 2015లో ఇంకో కోణం ముందుకి తెచ్చారు. ప్రతి శరీరానికీ తనకు నచ్చిన కదలిక దారి ఒకటి ఉంటుందనీ, ఆ దారికి అడ్డురాని షూ మనకి సుఖంగా అనిపిస్తుందనీ, కాబట్టి సుఖమే మంచి జల్లెడ అనీ వాళ్ల ప్రతిపాదన. నాకు ఇది నచ్చే మాటే. కానీ షాపులో రెండు నిమిషాల సుఖం, పదిహేనో కిలోమీటరు సుఖం ఒకటి కావన్న ప్రశ్నకి ఇందులో పూర్తి జవాబు లేదు.

సాటి షూ వెతికే మనిషికి ఈ వాదంలో పనికొచ్చే భాగం ఒకటుంది. ఏళ్లుగా ఆసరా షూలో నొప్పి లేకుండా పరుగెత్తుతున్నవాళ్ల విషయంలో, అది మొదట అవసరమా కాదా అన్నది పాత ప్రశ్న. ఇప్పుడు వాళ్ల కాలు దానికి అలవాటుపడి ఉంది.

ఇద్దరు రన్నర్లు, ఒకే ఆగిపోయిన మోడల్

ఊహించిన ఉదాహరణ ఇది. ఒక షూ ఉంది: డ్రాప్ 8, మడమ ఎత్తు 30, ముందు భాగం వెడల్పు, గట్టి ఈవీఏ. తయారీ ఆపేశారు. ఇద్దరు రన్నర్లు సాటి వెతుకుతున్నారు.

మొదటి వ్యక్తికి వెడల్పాటి పాదం. మిగతా షూలన్నీ చిటికెనవేలి పక్కన బొబ్బలు తెప్పిస్తే, ఇదొక్కటే తెప్పించలేదు. ఈ వ్యక్తి విషయంలో పని చేసింది అచ్చు. ఎత్తు 36 అయినా, ఫోమ్ కొంచెం మెత్తనైనా పెద్దగా నష్టం లేదు. పాత షూ కొత్త రూపం ముందు భాగంలో సన్నబడితే మాత్రం, పేరు అదే అయినా ఈ మనిషికి అది ఆఖరి ఎంపిక. అదే కంపెనీలో అదే అచ్చు మీద చేసిన వేరే పేరున్న షూ, లేదా వేరే కంపెనీ 2ఈ రకం, దీనికి ఎక్కువ దగ్గర.

రెండో వ్యక్తిది మామూలు పాదం, ఏ షూ అయినా పడుతుంది. కానీ మరీ మెత్తటి, ఎత్తు షూలలో చీలమండ అటూఇటూ ఊగి నొప్పెడుతుంది. ఇక్కడ పని చేసింది గట్టిదనమూ నేలకి దగ్గరగా ఉండటమూ. ఈ వ్యక్తికి అచ్చు ఏదైనా ఫర్వాలేదు, 40 మిల్లీమీటర్ల మెత్తటి కొత్త రూపం మాత్రం పనికిరాదు. రోజువారీ షూలన్నీ ఎత్తెక్కిన ఈ కాలంలో ఇలాంటివాళ్లకి సాటి తరచుగా వేరే వరుసలో దొరుకుతుంది. వేగపు శిక్షణ కోసం చేసిన పలచటి షూలలోనో, ఇంకా పాత పద్ధతి వదలని చిన్న కంపెనీల దగ్గరో.

ఇద్దరూ ఎవరినైనా "ఈ షూకి బదులు ఏది?" అని అడిగితే ఒకే జవాబు వస్తుంది. ఆ జవాబు ఇద్దరిలో కనీసం ఒకరికి తప్పవుతుంది.

పాత నిల్వలు కొని దాచుకోవడం

ఆపేస్తున్నారని తెలియగానే మిగిలిన జతలు కొనిపెట్టుకునేవాళ్లున్నారు. ఆ మమకారం నాకు బాగా అర్థమవుతుంది. లెక్క చూస్తే, వారానికి 40 కిలోమీటర్లు పరుగెత్తే మనిషికి 600 కిలోమీటర్ల జత పదిహేను వారాలు వస్తుంది. నాలుగు జతలు దాస్తే ఏడాదికి కాస్త ఎక్కువ. ఈలోపు ఫోమ్ ఊరుకోదు. వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ ఈవీఏ బిగువు మారుతుంది, అతుకుల జిగురు ఎండుతుంది. మిడ్‌సోల్‌లో పాలీయూరెథేన్ రకం ఫోమ్ ఉంటే గాలిలోని తేమతో చర్య జరిగి, డబ్బాలో ఉండగానే పొడిపొడిగా రాలిపోవచ్చు. వేడి, తేమ ఉన్న చోట ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

దాచిన జతలకి ఇంకో ఉపయోగం ఉంది. పాతది ఇంకా బతికుండగానే కొత్త మోడల్‌ని మొదలుపెట్టి, రెండింటినీ మార్చి మార్చి వాడేవాళ్లు ఉంటారు. లక్సెంబర్గ్‌లోనే 264 మందిని 22 వారాలు గమనించిన ఒక అధ్యయనంలో, ఒకటికంటే ఎక్కువ జతలు మార్చి వాడినవాళ్లకి గాయాల ముప్పు 39 శాతం తక్కువగా కనిపించింది. అది కేవలం గమనించిన అధ్యయనం, ఎవరికి ఏ షూ అన్నది చీటీ తీసి పంచినది కాదు. కాబట్టి కారణం షూలేనని తేల్చలేం. అయినా పాత షూలో మూడు రోజులు, కొత్తదానిలో ఒక రోజు అంటూ మొదలుపెట్టిన కాలికి, 10 నుంచి 4కి దిగిన డ్రాప్ ఒక్కసారిగా ఐదువేల అడుగుల భారంగా మీద పడదు. ఆ రెండు డిగ్రీల తేడాకి పిక్క కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. లేదా సర్దుకోవట్లేదని ముందే చెబుతుంది, అప్పటికి పాత జతలో ఇంకా కొన్ని కిలోమీటర్లు మిగిలే ఉంటాయి.